కాగితం మీద రాసిచ్చారా?

(పాఠకుల ప్రశ్నలు – అడ్వకేటు జవాబులు)

భావప్రకటన స్వేచ్ఛ, సెన్సారు మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లోంచి ఎనిమిది ఏరుకున్నాను. ఆ ఎనిమిది మందిలో ఆరుగురు చివర్లో ఒకే మాట రాశారు: "దయచేసి నా పేరు, ఊరు వేయొద్దు." ప్రశ్నేమో స్వేచ్ఛ గురించి, సంతకమేమో వద్దు. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. మిగిలిన ఇద్దరి పేర్లు మాత్రం వేస్తే బాగోదని అందరివీ తీసేశాను. ఆ లెక్కన ఈ సంచికలో మొదటి సెన్సారు నాదే.

నేను నల్లకోటు వేసుకుని ముప్పై నాలుగేళ్లయింది. అంతకుముందు రెండేళ్లు ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దాను. మా నాన్న అచ్చు కంపోజిటర్, అంటే సీసపు అక్షరాలు పేర్చేవాడు. అందుకే సెన్సారు సంగతి లా పుస్తకాలకంటే ముందే నాకు ఇంట్లో తెలుసు.

ప్రశ్న: రాజ్యాంగం మాట్లాడే హక్కు ఇచ్చిందంటారు. ఏదైనా మాట్లాడితే కేసు పెడతారు. ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? సూటిగా చెప్పండి. – ఒక డిగ్రీ విద్యార్థి

ఇచ్చినట్టే. 19వ అధికరణం (1)(ఎ)లో హక్కు ఉంది. ఆ పక్కనే 19(2)లో, ఏ కారణాల మీద దానికి హద్దు పెట్టవచ్చో ఉంది. ఆ కారణాలు ఎనిమిది: దేశ సార్వభౌమత్వం–సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, మర్యాద–నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం.

ఇప్పుడు ఆ జాబితాలో లేనివి చూడండి. 'ప్రభుత్వానికి ఇబ్బంది' అని లేదు. 'నాయకుడికి కోపం వచ్చింది' అని లేదు. మనం రోజూ వినే 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న మాట కూడా లేదు. పోనీ ఎనిమిదిలో ఒక కారణం దొరికిందే అనుకుందాం, అదొక్కటే చాలదు. దానికి ఒక చట్టం ఉండాలి, ఆ హద్దు సహేతుకంగా ఉండాలి. అధికారి నోటిమాట చట్టం కాదు.

ఈ ఎనిమిదీ మొదటి రోజు నుంచీ లేవు. ఈ కథ మాత్రం కాస్త తీరిగ్గా చెప్తాను, నాకు ఇష్టమైనది. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. నాలుగు నెలలకే, మే 26న, సుప్రీంకోర్టు ఒకేరోజు రెండు తీర్పులిచ్చింది. మొదటిది బొంబాయి నుంచి వచ్చే 'క్రాస్ రోడ్స్' అనే వామపక్ష వారపత్రిక గురించి. దాన్ని తన రాష్ట్రంలోకి రానివ్వనని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది; అప్పుడు ఆంధ్ర ప్రాంతం ఉన్నది ఆ రాష్ట్రంలోనే. రెండోది ఢిల్లీలో 'ఆర్గనైజర్' పత్రిక. అచ్చు వేసేముందు మాకు చూపించాలని అక్కడి చీఫ్ కమిషనర్ ఆదేశించారు. ఒకటి ఎడమవైపు పత్రిక, ఇంకొకటి కుడివైపు పత్రిక. కోర్టు రెండు ఉత్తర్వులనూ కొట్టేసింది. దేశ భద్రతకే ముప్పయితే వేరు సంగతి గానీ, 'ప్రజాశాంతి' అన్నమాట అప్పటికి 19(2)లో లేదు కాబట్టి దాని పేరు చెప్పి పత్రికను ఆపలేరని తేల్చింది.

తర్వాత ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించగలరు. 1951 జూన్‌లో, ఇంకా మొదటి సాధారణ ఎన్నికలు కూడా జరగకముందే, మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. ప్రజాశాంతి, విదేశీ సంబంధాలు, నేరానికి ఉసిగొల్పడం అనే మూడింటినీ చేర్చారు. అప్పుడే ఇంకో మాట కూడా చేర్చారు: 'సహేతుకమైన'. ఇవాళ మేం కోర్టుల్లో పట్టుకుని వేలాడేది ఆ ఒక్క మాటనే. సార్వభౌమత్వం–సమగ్రత అన్నది 1963లో వచ్చి చేరింది.

విద్యార్థి కాబట్టి ఒక పని చెప్తాను. ఎవరైనా మీతో "అలా అనకూడదు" అంటే, ఎనిమిదిలో ఏ నంబరండీ అని అడగండి. మర్యాదగానే అడగండి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ప్రశ్న: ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శిస్తే రాజద్రోహం అవుతుందా? – రిటైరైన ఉపాధ్యాయుడు

కాదు. హింసకు, అల్లర్లకు పురికొల్పితేనే అవుతుందని కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని ఆ సెక్షన్ 124ఎ తెల్లవాళ్లు పెట్టింది. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని జైలుకు పంపింది దాంతోనే. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ వాడకాన్ని ఆపింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 'రాజద్రోహం' అన్న పేరు లేదు. పేరు లేదన్నాను, సెక్షన్ లేదనలేదు. 152 ఉంది: దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు ముప్పు తెచ్చే పనుల గురించి. ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించుకోవాలని చేసే విమర్శ దాని కిందికి రాదని అందులోనే వివరణ ఇచ్చారు. పిల్లలకు పాఠం చెప్పిన మీకు చెప్పక్కర్లేదు గానీ, వివరణ దాకా చదివే పోలీసు ఎదురవడం మన అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

ప్రశ్న: మాది ఔత్సాహిక నాటక బృందం. ఆదివారం ప్రదర్శన అనగా శుక్రవారం సాయంత్రం హాలు మేనేజరు ఫోన్ చేసి "పైనుంచి చెప్పారు, బుకింగ్ క్యాన్సిల్" అన్నాడు. స్టేషనుకి వెళ్తే "మేమేం ఆపలేదు, గొడవలవుతాయేమోనని చెప్పాం అంతే" అన్నారు. ఇప్పుడు మేం ఎవరి మీద పోరాడాలి?

ఈ సంచికలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన ఉత్తరం మీదే. మీ ప్రశ్నలోని ఆఖరి వాక్యమే అసలు జబ్బు. 'పైనుంచి' అనే మనిషికి పేరు లేదు, హోదా లేదు, సంతకం లేదు. ఎవరి మీదని కేసు వేస్తారు?

చట్టం సంగతి ముందు చెప్తాను, అది మీ వైపే ఉంది. 1989లో రంగరాజన్ కేసు. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమాకు ఇచ్చిన సర్టిఫికెట్‌ను మద్రాసు హైకోర్టు రద్దు చేసింది, ప్రదర్శిస్తే గొడవలవుతాయని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గొడవ చేస్తామని బెదిరించేవాళ్లుంటే వాళ్లను అదుపు చేయడం ప్రభుత్వం పని, మాట్లాడేవాడి నోరు మూయించడం కాదు అంది. ప్రమాదం ఎక్కడో ఊహల్లో ఉంటే చాలదు, మందుగుండు పీపా పక్కన నిప్పురవ్వ ఉన్నంత దగ్గరగా కనిపించాలి అంది. 2018లో 'పద్మావత్' సినిమా విషయంలోనూ కొన్ని రాష్ట్రాలు పెట్టిన నిషేధాన్ని అదే కోర్టు నిలిపేసింది.

ఇక మీరు చేయాల్సింది. స్టేషన్ ఆఫీసర్ పేరున ఒక ఉత్తరం రాయండి. ఒక్క పేజీ చాలు, అందులో స్వేచ్ఛ గురించి ఉపన్యాసం వద్దు. ఫలానా తేదీన ఫలానా నాటకం వేస్తున్నాం, ఆపమని మీరు చెప్పినట్టు హాలువాళ్లు అంటున్నారు, అది ఏ ఉత్తర్వు, ఏ సెక్షన్, ఏ తేదీ, దయచేసి కాపీ ఇప్పించండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టు. పాత 144 సెక్షన్, ఇప్పుడు సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 163, దాని కింద ఆపినా సరే ఉత్తర్వు రాతలో ఉండాలి, కారణాలు చెప్పాలి. మామూలుగా రెండు నెలలకు మించి అమల్లో ఉండదు.

జవాబు రాతలో వస్తే హైకోర్టుకు వెళ్లడానికి మీ చేతిలో ఒక వస్తువు ఉన్నట్టు. రాకపోతే ఏం చేయాలి? కొన్నేళ్ల క్రితం ఇలాంటిదే ఒక బృందం తరఫున నేను రిట్ (హక్కు కాపాడమని హైకోర్టులో వేసే పిటిషన్) వేశాను. మాకు ఇచ్చిన ఉత్తర్వంటూ ఏమీ లేదు, హాలు మేనేజరు ఫోన్ కాల్, మేం రాసిన ఉత్తరం, దాని మీద ఒక గుండ్రటి ముద్ర, అంతే. ఏం చూపించి వాదించాలా అని రాత్రంతా టెన్షన్. పొద్దున కేసు పిలిచారు. ప్రభుత్వ న్యాయవాది లేచి, "మేం ఏ ఉత్తర్వూ ఇవ్వలేదండి, మాకు అభ్యంతరమే లేదు" అన్నారు. జడ్జి గారు ఆ మాటనే ఉత్తర్వులో రికార్డు చేసి, అభ్యంతరం లేదంటున్నారు కాబట్టి నాటకం వేసుకోవచ్చు, కావాలంటే బందోబస్తు ఇవ్వండి అన్నారు. మొత్తం నాలుగు నిమిషాలు. నేను రాసుకెళ్లిన పద్దెనిమిది పేజీల వాదన సంచీలోనే ఉండిపోయింది. ఫోన్‌లో వద్దన్న మాటను కోర్టులో నిలబడి మళ్లీ అనడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. హాలు ప్రైవేటుదైతే, యజమాని తనంతట తానే భయపడి ఇవ్వనంటే రాజ్యాంగం నేరుగా అతని మీద పనిచేయదు. బుకింగ్ ఒప్పందం, కట్టిన డబ్బు, నష్టపరిహారం, అంతవరకే. అందుకే హాలు రసీదు, ఫోన్ కాల్ వచ్చిన టైము, ఎవరు మాట్లాడారు అన్నవి ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. అదే రోజు రాయండి. నెల తర్వాత రాస్తే అది జ్ఞాపకం అవుతుంది, సాక్ష్యం కాదు.

ప్రశ్న: పుస్తకానికి లేని సెన్సారు సినిమాకు ఎందుకు? ఇది అన్యాయం కాదా? – సినిమా అభిమాని

ఈ ప్రశ్నే 1970లో సినిమా దర్శకుడు కె.ఎ. అబ్బాస్ సుప్రీంకోర్టును అడిగారు. తన డాక్యుమెంటరీకి 'యు' (అందరూ చూడొచ్చు) కావాలన్నారు, బోర్డు 'ఎ' (పెద్దలకే) అంది. చివరికి ముందస్తు సెన్సారే చెల్లదని వాదించారు. సినిమా మిగతా కళలకంటే మనసును బలంగా కదిలిస్తుంది, కాబట్టి ముందు చూడటం తప్పు కాదని కోర్టు అంది. యాభై ఏళ్లు దాటాయి, పునాది అదే. నాకు ఆ వాదన అంత నచ్చదు. ఇవాళ ప్రతి జేబులోనూ ఒక తెర ఉంది, దాంట్లో వచ్చేవాటిని ముందుగా చూసే బోర్డేమీ లేదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. దాని పేరు సెన్సారు బోర్డు కాదు, 1983 నుంచి సర్టిఫికేషన్ బోర్డు. వయసును బట్టి గీత గీయడం దాని పని. 2023 సవరణతో, పిల్లలు పెద్దల సలహాతో చూసే యూఏలో కూడా 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు పెట్టారు. మెట్లు పెరిగాక కత్తెర తగ్గాలి కదా? కత్తెర వేస్తే కారణం రాసివ్వమని నిర్మాత అడగొచ్చు. అప్పీలుకు ఇదివరకు ఒక ట్రిబ్యునల్ ఉండేది, 2021లో ఎత్తేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టే. రిలీజు తేదీ పది రోజుల్లో ఉన్నవాడు హైకోర్టుకు వెళ్తాడా, డైలాగు మ్యూట్ చేసుకుంటాడా? మీకు తెలుసు, నాకూ తెలుసు.

ప్రశ్న: మీలాంటివాళ్లు ఎప్పుడూ రాసేవాడి వైపే మాట్లాడతారు. నా దేవుణ్ణి, నా కులాన్ని ఎవడో నోటికొచ్చినట్టు తిడితే స్వేచ్ఛ పేరుతో నేను నోరు మూసుకోవాలా? – కోపంగా రాసిన పాఠకుడు

కోపం దాచుకోకుండా రాశారు, అదీ భావప్రకటనే. నోరు మూసుకోవాల్సిన పని లేదు. మీరు ఆయనకు ఘాటుగా జవాబు రాయొచ్చు, సభ పెట్టొచ్చు, ఆయన పుస్తకం కొనొద్దని చెప్పొచ్చు. ఆయనకున్న 19(1)(ఎ) మీకూ ఉంది. చట్టాన్ని పిలవాల్సిన చోటు మాత్రం కాస్త దూరంలో ఉంది.

మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి, విడదీస్తాను. మతం గురించి: పాత 295ఎ, ఇప్పటి న్యాయసంహితలో 299. ఉద్దేశపూర్వకంగా, దుర్బుద్ధితో మత విశ్వాసాన్ని అవమానిస్తేనే అది నేరం. తెలిసో తెలియకో దొర్లిన మాట, పరిశోధనలో చెప్పిన అభిప్రాయం దీనికిందికి రావని 1957 నుంచీ సుప్రీంకోర్టు అంటోంది. వర్గాల మధ్య శత్రుత్వం పెంచే మాటకు 196 ఉంది. రెండింటికీ మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

అయితే ఎవరి మనసుతో కొలవాలి? 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఆయన పెట్టిన ఒక వీడియోకు జోడించిన కవిత మీద గుజరాత్‌లో కేసు పెట్టారు. ప్రతి విమర్శలోనూ ముప్పును చూసే బలహీన మనస్కుల కొలతతో కాదు, స్థిరబుద్ధి ఉన్న మామూలు మనిషి కొలతతో ఆ మాటల ప్రభావాన్ని చూడాలని చెప్పి కేసు కొట్టేసింది. ఇలాంటి ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్‌ఐఆర్ రాయకుండా, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు నాగరిక్ సురక్షా సంహిత 173(3)లో ఉంది, మాటల మీద వచ్చే కేసుల్లో దాన్ని వాడాలి అని కూడా అంది. తేలిగ్గా చెప్పాలంటే, కవిత మీద కేసు పెట్టేముందు ఎవరో ఒకరు ఆ కవిత మొత్తం చదవాలి.

ఇక కులం. ఇక్కడ నేను మీరనుకున్న వైపు ఉండకపోవచ్చు. దళితుణ్ణో గిరిజనుణ్ణో పదిమంది చూస్తుండగా కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఆ హద్దు ఉండాల్సిందేనని నేను నమ్ముతాను. అక్కడ జరిగేది అభిప్రాయం చెప్పడం కాదు, ఒక మనిషిని బజారులో నిలబెట్టి తక్కువ చేయడం. ఆ తిట్టు విన్నవాడు తిరిగి జవాబిచ్చే స్థితిలో ఉండడు. నేను ఈ గీత గీసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇరవై ఏడేళ్లప్పుడు 'ఏ మాటనూ ఆపకూడదు' అని బల్లగుద్ది వాదించేదాన్ని. తర్వాత సాక్షుల బోనులో ఒక పెద్దావిడ, తనను ఏమని తిట్టారో జడ్జి గారికి చెప్పడానికి నోరు రాక తల దించుకుని నిలబడటం చూశాను. ఎంత అడిగినా ఆ మాట పలకలేకపోయింది. కాగితం మీద రాసి ఇమ్మన్నారు, ఆమెకు రాయడం రాదు.

ప్రభుత్వాన్ని, శాస్త్రాన్ని, పురాణాన్ని, నాయకుణ్ణి ఏమన్నా నేను రాసినవాడి తరఫున వకాల్తా వేస్తాను. ఆ పెద్దావిడను తిట్టినవాడి తరఫున వేయను.

ప్రశ్న: మా ఆఫీసులో జరిగిన అవినీతి మీద కథ రాశాను. పేర్లు మార్చాను. పై అధికారి పరువునష్టం నోటీసు పంపిస్తానంటున్నాడు. 'ఇది కేవలం కల్పితం' అని కింద వేస్తే సరిపోతుందా?

సరిపోదు. చదివినవాళ్లు ఇది ఫలానాయనే అని గుర్తుపడితే ఆ కింది లైను గొడుగు కాదు, చిల్లుల గొడుగు. పరువునష్టం ఇప్పుడు న్యాయసంహితలో 356 సెక్షన్, రెండేళ్ల దాకా సాదా ఖైదు పడొచ్చు, క్రిమినల్ కేసుగా కొనసాగడం సరైనదేనని 2016లో సుప్రీంకోర్టు అంది. ఒక మెలిక గుర్తుంచుకోండి: సివిల్ దావాలో రాసింది నిజమని రుజువు చేస్తే చాలు, క్రిమినల్ కేసులో మాత్రం నిజం కావాలి, దాంతోపాటు అది చెప్పడం ప్రజా ప్రయోజనం కోసమై ఉండాలి. కాబట్టి మీ దగ్గరున్న కాగితాలు భద్రపరచండి. అధికారి ఉద్యోగ ధర్మం గురించి రాసింది ఉంచండి. ఆయన సంసారం గురించి రాసిన రెండు పేరాలు ఎందుకు రాశారో మీకే తెలియాలి, నాకైతే కథకు అక్కరలేదనిపించింది.

అచ్చు కాకముందే ఆపించగలడా అంటే, చాలా కష్టం. 1994లో ఒక తమిళ పత్రిక, మరణశిక్ష పడ్డ ఖైదీ ఆత్మకథ వేయబోతే, అందులో తమ పేర్లు ఉంటాయని అధికారులు అడ్డుపడ్డారు. పరువు పోతుందని ముందుగా ఆపే అధికారం ప్రభుత్వానికి లేదు, అచ్చయ్యాక కోర్టుకు రండి అంది సుప్రీంకోర్టు. మీరు ప్రభుత్వోద్యోగి అయితే సర్వీసు రూల్సు వేరే తలనొప్పి. అది ఇంకో సంచికలో.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ని అరెస్టు చేస్తారా? ఇంకొకటి, నా పోస్టును ఒక సోషల్ మీడియా కంపెనీ తీసేసింది. అది నా హక్కును కాలరాయడం కాదా? – రెండు ప్రశ్నలు కలిపి అడిగిన పాఠకురాలు

అడ్మిన్ అయినంత మాత్రాన వేరేవాళ్ల పోస్టుకు నేరస్తులు కారని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. కానీ చేతులారా ఫార్వర్డ్ చేస్తే కథ వేరు. ఫార్వర్డ్ చేయడమంటే ఆ మాటను ఒప్పుకుని బలపరచినట్టే అని మద్రాసు హైకోర్టు 2018లో అంది. 'నాకు వచ్చింది, పంపాను' అన్నది జవాబు కాదు.

ఇంకో హెచ్చరిక. ఐటీ చట్టం 66ఎ కింద కేసు పెడతామని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి, అది చచ్చిన సెక్షన్. 2012లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో ఒకమ్మాయి బంద్ మీద పోస్టు పెట్టింది, ఇంకొకమ్మాయి లైక్ కొట్టింది, ఇద్దర్నీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్తే 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేశారు. చర్చించడం, సమర్థించడం ఎంత నచ్చకపోయినా హక్కే, ఉసిగొల్పడం దగ్గరే చట్టం అడుగుపెట్టాలి అని కోర్టు అప్పుడే చెప్పింది. విచిత్రమేమిటంటే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పోలీసులు 66ఎ కింద కేసులు రాస్తూనే ఉన్నారు. ఆపమని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కంపెనీ తీసేయడం గురించి: ముందు కంపెనీ ఫిర్యాదు అధికారికి రాయండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం వేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. కంపెనీ తనంతట తాను తీసేసిందా, ప్రభుత్వం తీయించిందా అన్నది ముఖ్యం. ప్రభుత్వం ఐటీ చట్టం 69ఎ కింద తీయిస్తే కారణాలు రాతలో ఉండాలి, వాటిని హైకోర్టులో సవాలు చేయొచ్చు అనే నమ్మకంతోనే శ్రేయా సింఘాల్ తీర్పు ఆ సెక్షన్‌ను బతకనిచ్చింది. కానీ ఆ సెక్షన్ కింద 2009లో చేసిన నిబంధనల్లో 16వది ఆ ఫిర్యాదులు, చర్యలు అన్నీ గోప్యంగా ఉంచాలంటోంది. అంటే కాగితం ఉంటుంది, మీకు చూపించరు. నాటకం వాళ్లకు వచ్చిన ఫోన్ కాల్‌కు ఇది దగ్గరి చుట్టమే.

ప్రశ్న: అమ్మా, నాకు ఇరవై రెండేళ్లు. ఒక కవిత రాశాను. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరికీ చూపించలేదు కూడా. పోస్టు చేసేముందు నేనే ఐదు లైన్లు తీసేశాను. దీన్ని కూడా సెన్సారు అంటారా? మొత్తం కవిత, తీసేసిన లైన్లు జతచేస్తున్నాను.

మీకు మా నాన్న సంగతి చెప్పాలి. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. అప్పటికి నాకు పదేళ్లు. నాన్న పనిచేసే ప్రెస్సులో ఒక చిన్న వారపత్రిక అచ్చయ్యేది. ప్రూఫు తీసి, తడి ఆరకముందే సైకిలు మీద సెన్సారు చూసే అధికారి దగ్గరికి పట్టుకెళ్లేవాడు. ఆయన ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టి, కింద పొట్టి సంతకం పెట్టి ఇచ్చేవాడు. నాన్న తిరిగొచ్చి, కొట్టేసిన లైన్లను చిమటాతో, అక్షరాలు పేర్చి బిగించిన ఫారంలోంచి ఒక్కొక్కటీ తీసి, అక్షరాలను మళ్లీ కేసులో, అంటే అక్షరాల పెట్టెలో, గళ్లల్లో వేసేవాడు. క గడిలో క, మ గడిలో మ. ఆ వారం ఏమేం కొట్టేశారో ఊళ్లో ఆ అధికారికి, ఎడిటరుకు, మా నాన్న వేళ్లకు తెలుసు.

మొదట్లో తీసేసినచోట ఖాళీ వదిలేవాళ్లు. ఢిల్లీలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ 1975 జూన్ 28న సంపాదకీయం చోటు ఖాళీగా వదిలి అచ్చువేసింది, ఆ సంగతి చాలామందికి తెలుసు. మా నాన్న ప్రెస్సులో రెండోవారానికే అధికారి చెప్పాడట, ఖాళీ ఉండకూడదు, ఖాళీ కనిపిస్తే జనం అడుగుతారు, ఏదో ఒకటి నింపండి అని. అప్పట్నుంచి ఆ సందుల్లో సామెతలు, ఆరోగ్య సూత్రాలు వేసేవాళ్లు. మా ఇంట్లో ఆ సంచికలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. 'ఉదయాన్నే లేవడం మంచిది' అని కనిపించినచోటల్లా ఏదో ఒకటి పోయిందన్నమాట.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఆ మర్నాడు నాన్న ప్రూఫు తీసి అలవాటుగా సైకిలు దగ్గరికి వెళ్లి, ఎక్కడికి వెళ్లాలో తోచక నిలబడిపోయాడట. ఇది ఆయన నవ్వుతూ చెప్పేవాడు. నవ్వకుండా చెప్పింది ఇంకొకటి. ఆ వారం ప్రూఫును ఎడిటరు తన బల్ల మీద పెట్టుకున్నాడు, చొక్కా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు, రెండు పేరాలు కొట్టేసి ఇచ్చాడు. "ఎవరు చెప్పారండీ?" అని నాన్న అడిగితే, "ఎవరూ చెప్పలేదు, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడట. కింద సంతకం కూడా లేదు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: దాన్ని సెన్సారని కూడా అంటారు, ఎడిటింగ్ అని కూడా అంటారు. ఏదో తేల్చడానికి మీరే ఒక కాగితం తీసుకుని ఐదు లైన్లకూ పక్కన కారణం రాయండి. భయమైతే భయమని రాయండి. ఎవరి భయం, ఏ కేసు, ఎనిమిదిలో ఏ నంబరు? 'ఎందుకొచ్చిన గొడవ' అని మాత్రం రాయకండి, అది కారణం కాదు.

మీరు పంపారు కాబట్టి నేనూ చదివాను. మొదటి లైనులో ఒక కులవృత్తి పేరును తిట్టుగా వాడారు, అది తీసేయడమే మంచిది. రెండు, మూడు, నాలుగు లైన్లలో చట్టానికి పట్టే మాట ఒక్కటీ లేదు, ఒక మంత్రి గారి ప్రసంగం మీద వెటకారం ఉంది, అంతే. నేనైతే ఉంచుతాను. ఐదోది ఏ సెక్షన్ కిందకీ రాదు గానీ కవిత్వంగా బాగాలేదు, ప్రాస కోసం ఈడ్చుకొచ్చారు. దాన్ని మీరు ధైర్యంగా కొట్టేయండి.